పత్తిచెక్కలో గాసిపాల్: బర్రెకు పెట్టొచ్చు, దూడకు వద్దు

పత్తిగింజను బ్లేడుతో నిలువునా కోసి చూడండి. తెల్లటి పప్పు నిండా సన్నటి నల్లచుక్కలు కనిపిస్తాయి. గాసిపాల్ ఉండేది వాటిల్లోనే. పురుగు ముట్టకుండా మొక్క తయారు చేసుకునే పసుపు విషమది. మునుగోడు, దేవరకొండ, జడ్చర్ల దిక్కు పత్తిచెక్క పెట్టే ప్రతి కొట్టంలోనూ ఇది ఉంటుంది.

పాలిచ్చే బర్రెకు భయం లేదు. దాని పెద్దపొట్టలో గాసిపాల్ మాంసకృత్తులకు అంటుకుపోయి, రక్తంలోకి ఎక్కేది తగ్గుతుంది. దాణాలో నాలుగో వంతు దాటకపోతే చాలు. రాత్రంతా నానబెడితే విషం పోతుందనేది ఉత్తమాట. గాసిపాల్ నీళ్లలో కరగదు, పైగా చెక్క పులుస్తుంది. బూజు పట్టిన చెక్కయితే అసలే వద్దు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఇంకో గండం.

దూడకు ఆ పొట్ట ఇంకా తయారు కాదు. నాలుగు నెలలు దాటేదాకా చెక్క చూపించొద్దు. విషం వారాల తరబడి పేరుకుని గుండెను దెబ్బతీస్తుంది. దూడ ఎగపోస్తుంది, గంగడోలు ఉబ్బుతుంది. నిమ్ము అనుకుని సూదులేయిస్తారు, తగ్గదు. దీనికి విరుగుడు లేదు. చెక్క ఆపినా కొన్నాళ్లు ప్రాణభయం ఉంటుంది కాబట్టి అలాంటి దూడను ఎండలో తోలొద్దు, పరుగెత్తించొద్దు. దాటించే దున్నపోతుకూ మానెయ్యాలి, వీర్యం పాడవుతుంది. 1970ల్లో చైనావాళ్లు మగవాళ్ల గర్భనిరోధక మాత్రగా దీన్నే పరీక్షించారు. రక్తంలో పొటాషియం పడిపోవడం, కొందరికి సంతానశక్తి తిరిగి రాకపోవడంతో వదిలేశారు.

గుడ్లకోళ్లకు పెడితే నిల్వ గుడ్డులో పచ్చసొన ఆకుపచ్చగా మారుతుంది. సొనలోని ఇనుముతో గాసిపాల్ కలవడమే కారణం. ఆ గుణమే మందు కూడా: మేతలోనే ఇనుము ఇస్తే గాసిపాల్ అక్కడే చిక్కుకుంటుంది. క్వింటాలు మేతలో 10 కిలోల చెక్క, అందులో విడి గాసిపాల్ (మాంసకృత్తులకు అంటుకోకుండా మిగిలింది) 0.05 శాతం అనుకోండి: 5 గ్రాములు. మాంసం కోళ్లకు కనీసం అంతే బరువు ఇనుము, అంటే 25 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్; అందులో ఇనుము ఐదో వంతే). గుడ్లకోళ్లకు నాలుగింతలు, 100 గ్రాములు. సాల్వెంట్ చెక్కలో, అంటే ద్రావకంతో నూనె తీసిన చెక్కలో, గాసిపాల్ ఎక్కువ ఉండొచ్చు, మిల్లువాళ్లను ల్యాబు రిపోర్టు అడిగి లెక్క మార్చుకోవాలి. అన్నభేదిని మెత్తగా దంచి, ముందు రెండు కిలోల తవుడులో కలిపి, ఆ తవుడును మేతంతటికీ పట్టించాలి. గడ్డలు మిగిలితే ఒక కోడికి ఎక్కువ, ఇంకోదానికి సున్నా. గాలి తగిలి గోధుమరంగుకు తిరిగిన అన్నభేది కొనొద్దు, లేతాకుపచ్చగా ఉన్నదే పనిచేస్తుంది.