చివరి వరసకి వినపడక్కర్లేదు బాబాయ్

సంక్రాంతి వెళ్ళాక

ఈ ఏడాది నాటక పరిషత్తు పోటీలకి పోలేదు. సెట్టు అద్దె, వ్యాను, మేకప్పు, అందరి భోజనాలు లెక్కేస్తే బహుమతి వచ్చినా చేతి డబ్బులే పడుతున్నాయి. ఒంగోల్లో మేం ముగ్గురం మిగిలాం: నేను, టైలరింగ్ చేసుకుంటూ నాటికల్లో వేసే అక్క, మా నాటక సమాజంలో చిన్నాపెద్దా అందరూ బాబాయ్ అనే పద్యనాటకాల పెద్దాయన. చెవితో వినే నాటికలు చేద్దామనుకున్నాం. పాడ్‌కాస్ట్ అంటే ఏమిటో బాబాయ్‌కి వివరించాలని బాగానే సిద్ధపడి వెళ్ళాను. "రేడియో నాటకమేగా అబ్బాయ్. మనకి తీరికైనప్పుడు ఇనొచ్చు, అంతేగా" అని ఒక్క మాటలో తేల్చేశాడు. ఆదివారం రేడియోలో సినిమాని కుదించి మాటలూ పాటలుగా వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం కోసం అరుగు మీద కాసుక్కూచున్న తరం ఆయనది.

మొదట మేం ఎప్పుడో ఆడిన పాత నాటికనే రికార్డు చేద్దామనుకున్నాం. రాసినాయన పోయి పదేళ్ళు కూడా కాలేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కులు వారసులవే. వాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో తెలియలేదు. పరిషత్తులో ఎవరూ అడగరు గానీ, నెట్‌లో పెట్టింది ఎప్పటికీ ఉంటుంది. సినిమా పాట ముక్క వాడటం కూడా అందుకే మానేశాం. సొంతంగా రాసుకోవడమే నయమనిపించింది.

ఫిబ్రవరి, రాత

కథ చిన్నది. పొగాకు బ్యారన్ (పచ్చి ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టం) దగ్గర రాత్రి కాపలా ఉన్న రైతు, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ తనలో తను మాట్లాడుకుంటాడు. మధ్యలో కూతురు ఫోన్ చేస్తుంది. దాదాపు ఒక్క గొంతే, ఒక్క చోటు. మొదటి ప్రయత్నానికి ఇంతకంటే పెద్దది పెట్టుకుంటే మునిగేవాళ్ళమే.

టంగుటూరు దగ్గర బ్యారన్ ఉన్న మా పెద్దమ్మ కొడుక్కి చదివి వినిపించాను. మొదటి రాత్రే థర్మామీటరు 160 చూపిస్తున్నట్టు రాశాను. అన్న పడీపడీ నవ్వాడు. "మొదటి రోజే 160 పెడితే ఆకు పచ్చగానే మాడిపోద్దిరా. ముందు 95, 100 దగ్గర పెట్టి పసుపు తిరగనియ్యాల. ఈనె ఎండేటప్పుడు గదా 160 దాకా పొయ్యేది" అన్నాడు. అవి ఫారన్‌హీట్ డిగ్రీలు. ఒక బ్యారన్ కాలడానికి అయిదారు రోజులు పడుతుంది కాబట్టి కథని అయిదో రాత్రికి జరిపాను. దాంతో పాత్రకి నిద్రలేమి వచ్చి చేరింది, అది నా తెలివి కాదు. వేలంలో బేలు (పొగాకు కట్ట) నో బిడ్ అయితే, అంటే ఎవరూ పాడకపోతే, ఇంటికి తెచ్చుకునేటప్పుడు ట్రాక్టరులో ఎవరూ మాట్లాడుకోరని కూడా అన్నే చెప్పాడు. ఆ వాక్యం అలాగే ఉంచేశాను.

ఒక లెక్క పనికొచ్చింది: నా చేతిరాతలో ఒక పేజీ బాబాయ్ నోట దాదాపు నిమిషంన్నర. ఏడు పేజీలు, మధ్యలో మౌనాలు కలిపి 11 నిమిషాలు.

మొదటి రికార్డింగు, మొత్తం పారేశాం

బాబాయ్ లేచి నిలబడి, ఛాతీ నింపుకుని, ఎదురు గోడ అవతల వెయ్యి మంది ఉన్నట్టు ఎత్తుకున్నాడు. రికార్డరులో మోత చూపించే మీటరు ఎర్రగా వెలిగి ఆరలేదు. గొంతు పగిలిన చోట ఏ సాఫ్ట్‌వేరూ అతకదు. స్థాయి తగ్గించి మళ్ళీ చేస్తే పగల్లేదు గానీ, విన్నాక అక్క అన్న మాట: "పొయ్యి దగ్గర కూచున్న మనిషి మీటింగులో మాట్లాడుతున్నాడేంది?"

నలభై ఏళ్ళ అలవాటు. చివరి వరసలో వేరుశనక్కాయలు తినేవాడికి కూడా మాట అందాలని నేర్చుకున్న గొంతు అది. ఈ జిల్లాకి పేరిచ్చిన ప్రకాశం పంతులు గారు కూడా చిన్నప్పుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి సమాజంలో వేషాలు వేసినవారే. ఆ రోజుల్లో మైకు లేదు, గొంతే మైకు. ఆ బడి నుంచి వచ్చినవాళ్ళని తగ్గించమని అడగడానికి నాకు నోరు రాలేదు. చెప్పినా ఆయన తగ్గిస్తే ప్రాణం కూడా తగ్గేది, పాఠం అప్పజెప్పినట్టు.

మూడో రాత్రికి దారి దొరికింది. కింద చాప మీద కూర్చోబెట్టి, మైకు జానెడు దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా పక్కగా పెట్టి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఇచ్చాం. "చివరి వరస లేదు బాబాయ్. పక్క మంచం మీద పిన్ని పడుకుని ఉంది. నిద్ర చెడకుండా చెప్పు" అన్నాను. మొదటి వాక్యం అనగానే ఇయర్‌ఫోన్‌లో తన గొంతు తనే విని ఆగిపోయాడు. "ఇది నాదేనంటరా?" అన్నాడు. అక్కడ నుంచి నాలుగు పేజీలు ఆగకుండా వచ్చాయి.

ఇంకో చిక్కు వత్తులతో. పద్యం పాడేవాళ్ళు భ, ధ, ఘ గట్టిగా పలుకుతారు, వేదిక మీద అదే అందం. మైకులో "భార్య" అంటే బాంబు పేలినట్టుంది. కుట్టు ఫ్రేముకి అక్క పలచని గుడ్డ బిగించి ఇచ్చింది, దాన్ని మైకుకి బెత్తెడు ముందు నిలబెట్టాం. ఖర్చు సున్నా.

గది

పడకగదిలో మూల, రెండు వైపులా నవారు మంచాలు నిలబెట్టి వాటి మీద బొంతలు, వెనక బట్టల బీరువా తలుపు తెరిచి. గోడ నుంచి తిరిగొచ్చే మోత చాలావరకు చచ్చింది. చావనిది బయటి మోత. మాది మద్రాసు మెయిన్ లైన్ పక్క వీధి. రైలు, పాత సామాన్ల ఆటో మైకు, ఎవరింట్లోదో కుక్కర్ విజిల్. చివరికి రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు మధ్యే మా స్టూడియో. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ప్లగ్ తీసెయ్యాలి (మళ్ళీ పెట్టడం ఒకసారి మర్చిపోయాను, పాలు విరిగాయి, ఇంట్లో ఏమన్నారో రాయను). రికార్డరు బ్యాటరీతో నడిచేది కాబట్టి ఒకరోజు కరెంటు పోతే పండగ చేసుకున్నాం. వీధంతా అంత నిశ్శబ్దం మళ్ళీ దొరకలేదు.

సెట్టింగులు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే చానల్), వేవ్ ఫైలు. నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. సున్నా దాటితే గొంతు పగులుతుంది కాబట్టి, గట్టిగా అన్న మాట కూడా మైనస్ 12 డెసిబెళ్ళ దగ్గర ఆగేటట్టు. ప్రతి రాత్రీ ఎవరూ కదలకుండా అర నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసి పెట్టుకున్నాం. కోసిన చోట ఆ ముక్క వేస్తే అతుకు తెలియదు. పూర్తి నిశ్శబ్దం వేస్తే మాత్రం ఫోన్ కట్ అయినట్టుంటుంది.

మార్చి, చప్పుళ్ళు

అన్న బ్యారన్ దగ్గరికే పోయి నిజం పొయ్యి రికార్డు చేసుకొచ్చాను. విన్నవాళ్ళంతా "వానా?" అని అడిగారు. బిస్కెట్ ప్యాకెట్ కాగితం మెల్లగా నలిపి, ఎండు మొక్కజొన్న ఆకు విరిస్తే అచ్చం చిల్లకంప మండినట్టు వచ్చింది. ఆ పూట తెచ్చినవాటిలో పనికొచ్చింది ఇనప పొయ్యి తలుపు కిర్రుమనే చప్పుడొక్కటే. కథలో అది మూడుసార్లు వినిపిస్తుంది. తలుపు తీసినప్పుడల్లా టైము గడిచిందని వినేవాళ్ళకి తెలుస్తుంది, "రెండు గంటల తర్వాత" అని ఎవరూ చెప్పనక్కర్లేదు.

కూతురి గొంతు అక్కది. పక్క గదిలో నుంచి నిజంగానే ఫోన్ చేయించి, స్పీకర్ పెట్టి తీసుకున్నాం. ఎఫెక్టు వెతుక్కునే పని తప్పింది.

ఎడిటింగు

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో, ఉచితమే. మొదట ఊపిరి చప్పుళ్ళన్నీ ఏరేశాను. శుభ్రంగా ఉంది, బాబాయ్ మాత్రం లేడు. సగం తిరిగి పెట్టాను. నాయిస్ తగ్గించే ఎఫెక్టు 12 డెసిబెళ్ళు వేస్తే చెరువులో మునిగి మాట్లాడినట్టుంది, 6 దగ్గర సరిపోయింది.

ఆ తర్వాత బస్సు పరీక్ష. ఒంగోలు నుంచి నెల్లూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని విన్నాను. సింగరాయకొండ చేరేలోపు తేలింది: మేం మురిసిపోయిన గుసగుసలు ఇంజను కింద పడిపోతున్నాయి. ఇంటికొచ్చి గట్టి మాటకీ మెల్లని మాటకీ తేడా తగ్గించే కంప్రెసర్ మూడుకి ఒకటి నిష్పత్తిలో వేసి, మొత్తం మోతని మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి వినపడే మోత కొలత) తెచ్చాను. పాడ్‌కాస్టులకి మామూలుగా చెప్పే లెక్క అది. మోనో ఫైలైతే డ్యూయల్ మోనోగా లెక్కించమనే చోట టిక్ చూసుకోవాలి, లేకపోతే 3 తేడా వస్తుంది. నేను రెండుసార్లు పొరబడ్డాను. చివరికి 96 కేబీపీఎస్ ఎంపీ3, 8 ఎంబీ లోపే.

ఏప్రిల్ మొదటి వారం

నెట్‌లో పెట్టాం. పది రోజుల్లో 63 మంది విన్నారు, అందులో మా చుట్టాలు ఎంతమందో లెక్క వెయ్యలేదు. అన్న బ్యారన్ దగ్గర కూలీలకి ఫోన్లో వినిపించాడట. ఒకాయన మధ్యలో లేచి పొయ్యి చూసొచ్చాడని చెప్పాడు.

బాబాయ్ నిన్న వచ్చాడు. హరిశ్చంద్రలో కాటి సీను ఇట్టాగే చేద్దామంటాడు, పద్యాలన్నీ గుసగుసగా, పక్కన పిన్ని పడుకుని ఉన్నట్టే. రాగం తీయకుండా పద్యం ఎట్టా నిలుస్తుందో నాకు అంతు పట్టలేదు. ఆయన మాత్రం అప్పుడే చాప పరిచి కూర్చున్నాడు. వానలు పడేదాకా ఆగమన్నాను, ఫ్యాను లేకుండా బొంతల మధ్య ఇప్పుడు ఎవరూ కూర్చోలేరు. "అయితే నువ్వు బయట కూచో, నేను లోపల చేస్తా" అన్నాడు.