బెస్ట్ స్కూల్ అని అడగకూడదట

ఐఈపీ అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లాడికి బడి రాసిచ్చే చదువు ప్రణాళిక. ఆ మీటింగ్‌లో నేను నోరు తెరిచి అన్న మొదటి మాటే తప్పు. "మా వాడికి బెస్ట్ స్కూల్ కావాలి" అన్నాను. బల్లకు అవతల ఐదుగురు: సైకాలజిస్టు, లెర్నింగ్ కన్సల్టెంటు, సోషల్ వర్కరు, క్లాస్ టీచరు, స్పీచ్ థెరపిస్టు. ఇవతల మేమిద్దరం. వాళ్ళలో ఒకావిడ చాలా మర్యాదగా, "చట్టం బెస్ట్ ఇమ్మనదండీ, తగినది ఇమ్మంటుంది" అంది. ఆ రోజుకు మా వాదన అక్కడితో సరి.

మేముండేది న్యూజెర్సీలో. మా అబ్బాయికి ఏడేళ్ళు. ఆటిజం, ఇంకా మాటలు రాలేదు. 1975లో వచ్చి, ఇప్పుడు ఐడియా అని పిలుస్తున్న చట్టం ప్రకారం, ఇలాంటి పిల్లలకు తగిన చదువు ఉచితంగా చెప్పించాల్సింది స్థానిక ప్రభుత్వ బళ్ళను నడిపే స్కూల్ డిస్ట్రిక్టే. తన బళ్ళల్లో అది కుదరకపోతే ప్రైవేటు ప్రత్యేక పాఠశాలకు పంపి, ఫీజు తనే కట్టాలి. మేం చూసొచ్చిన బళ్ళో ఆ ఫీజు ఏడాదికి లక్ష డాలర్లకు కాస్త తక్కువ. గుంటూరులో ఉన్న మా అత్తయ్యకు ఫోన్లో చెబితే, "సర్కారే ఫీజు కట్టి ప్రైవేటు బళ్ళో వేస్తుందా? సరిగ్గా కనుక్కున్నావా అమ్మాయ్?" అన్నారు.

మా ఆయన భయం వేరు. "హెచ్1 మీద ఉన్నవాళ్ళం, గవర్నమెంటుతో గొడవ మనకెందుకు?" అని. పిల్లాడి చదువు హక్కుకూ మన వీసాకూ సంబంధం లేదని లాయరు చెప్పేదాకా ఆయన టెన్షన్ తగ్గలేదు.

డిస్ట్రిక్టు వాళ్ళది ఒకటే మాట: వీలైనంతవరకు మామూలు పిల్లల మధ్యే ఉంచాలి. అదీ చట్టంలో ఉన్నదే, నాకూ ఇష్టమే. కానీ మావాడు ఆ పిల్లల మధ్య గడిపేది భోజనాల హాల్లో అరగంట. ఆ గోల పడక చెయ్యి కొరుక్కునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ పంటి గాట్లు ఫోన్లో ఫొటో తీసి తేదీ వేసి పెట్టేదాన్ని.

ఒక రాత్రి మూడేళ్ళ ఐఈపీలు నేలమీద పక్కపక్కనే పరిచాను. "పదిసార్లలో ఎనిమిదిసార్లు బొమ్మ కార్డు చూపించి నీళ్ళు అడుగుతాడు." మూడింటిలోనూ అదే లక్ష్యం, అవే మాటలు. తేదీలు మాత్రం మార్చారు! లాయరుకు చూపిస్తే, "మీ కేసంతా ఇక్కడే ఉంది" అంది. కొలరాడోలో ఆటిజం ఉన్న ఒక అబ్బాయి కేసులో, నామమాత్రపు ప్రగతి చాలదని 2017లో సుప్రీంకోర్టు చెప్పిందట. ఇక బెస్ట్ అన్న మాట నేను మళ్ళీ ఎత్తలేదు. "మూడేళ్ళుగా ఇతను ఏం నేర్చుకున్నాడో చూపించండి" అని మాత్రం అడిగాను. మాటలతో కాదు, ఈమెయిల్లో.

ఇంకో పొరపాటు చేయబోయి తప్పించుకున్నాం. సంతకం పెట్టకపోతే కొత్త ఐఈపీ ఆగిపోతుందనుకున్నాం. మొట్టమొదటి ఐఈపీకే అలా. తర్వాతి వాటికి, న్యూజెర్సీలో 15 రోజుల్లోగా మీడియేషనో (మధ్యవర్తి దగ్గర రాజీ మాటలు), డ్యూ ప్రాసెస్ విచారణో (జడ్జి ముందు వాదన) కోరకపోతే వాళ్ళు రాసింది అమలైపోతుంది. మేం పన్నెండో రోజున మీడియేషన్ అడిగాం. దానికి ఖర్చు లేదు, రాష్ట్రమే మధ్యవర్తిని పంపుతుంది.

ముందు మనమే ప్రైవేటు బళ్ళో చేర్చి, తర్వాత ఆ డబ్బు తిరిగి ఇమ్మని అడిగే దారి కూడా ఉంది. 1985లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నదే. ముందుగా నోటీసివ్వాలి, ఓడితే ఫీజంతా మన నెత్తినే. మా బ్యాంకు ఖాతాకు అంత ధైర్యం లేదు. ఫ్లోరిడాలో ఉన్న నా స్నేహితురాలికి రాష్ట్రమే స్కాలర్‌షిప్ ఇస్తుంది, ఈ గొడవలేవీ లేవు. మొదట్లో అసూయపడ్డాను. అది తీసుకుని ప్రైవేటుకు వెళ్తే ఐఈపీ హక్కు వదులుకున్నట్టేనని తనే చెప్పింది.

మీడియేషన్ తర్వాత డిస్ట్రిక్టు దిగొచ్చి మావాడి కాగితాలు నాలుగు బళ్ళకు పంపింది. రెండింట్లో సీటు లేదు. ఒకటి కుదరదంది. నాలుగోది ఒక రోజంతా కూర్చోబెట్టుకుని చూసి తీసుకుంది. ఆ చేరిక విషయం ఐఈపీలోనే రాయించమని లాయరు పట్టుబట్టింది. రేపు మళ్ళీ తగాదా వచ్చినా, అది తేలేదాకా పిల్లాడు అక్కడే ఉంటాడు.

మొదటి రోజు పొద్దున ఏడింటికి చిన్న పసుపు బస్సు వాకిట్లోకొచ్చింది. మావాడు నా చున్నీ వదలడు. ఫోన్లో వీడియోలో చూస్తున్న అత్తయ్య, "బస్సుకు కూడా వాళ్ళేనా?" అన్నారు.

"వాళ్ళే అత్తయ్యా."

"సరే, ముందు పిల్లాణ్ణి ఎక్కించు. డ్రైవరు చూస్తున్నాడు."