జర్మన్ మోకాళ్ళు, ఇంగ్లీషు కాగితాలు

ఎండాకాలం మొదలైతే జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళు అమ్మానాన్నలతో నిండిపోతాయి. షెంగెన్ వీసా, 90 రోజులు, రెండు సూట్‌కేసులు, ఒక పచ్చడి డబ్బా. వాళ్ళతోపాటు వాళ్ళ మోకాళ్ళూ వస్తాయి. పాత ఇళ్ళకు ఇక్కడ లిఫ్టు ఉండదు. పైగా కోట చూపిద్దామని రాళ్ళు పరిచిన ఎత్తుదారి వెంట వాళ్ళను నడిపిస్తాం. కొన్నాళ్ళకు ఎవరో ఒకరికి మోకాలు వాస్తుంది. ఆర్థోపెడిక్ డాక్టరు చూసి జర్మన్‌లో ఒక ఉత్తరమూ ఒక బిల్లూ చేతిలో పెడతాడు. వీసా కోసం కనీసం 30,000 యూరోలకు చేయించిన ప్రయాణ బీమా ఏమో ఇండియాలో ఉంటుంది. కాగితాలు ఇంగ్లీషులో పంపండి అంటారు వాళ్ళు. అప్పుడు నాకు ఫోను వస్తుంది.

నేను డాక్టర్ని కాను. జర్మన్ వైద్యపత్రాలను ఇంగ్లీషులోకి మార్చడం నా బతుకుతెరువు. ఈ పనికి డబ్బు లెక్క పేజీల్లో కాదు, వరసల్లో. ఖాళీలతో కలిపి 55 అక్షరాలు ఒక వరస. కీలు పక్కనుండే చిన్న జిగురుసంచి వాస్తే జర్మన్‌లో 'ష్లైమ్‌బాయిటెల్‌ఎంట్‌త్సుందుంగ్' అని 23 అక్షరాలు. ఇంగ్లీషులో బర్సైటిస్, ఎనిమిదే. వరసలు ఏ భాషలో లెక్కపెడతారో ముందే తేల్చుకోవాలని ఈ జబ్బే నేర్పుతుంది.

ఇలాంటి పొడుగు మాటలతో నిజానికి పేచీ లేదు, విడదీస్తే అర్థమైపోతాయి. మోసం చేసేవి రెండు భాషల్లోనూ ఒకేలా కనిపించేవి. జర్మన్ డాక్టరు 'ఆర్త్రోజె' అని రాస్తే కీలులో మృదులాస్థి అరిగిందని. 'ఆర్త్రిటిస్' అని రాస్తే కీలు లోపల మంట, వాపు ఉన్నాయని. ఇంగ్లీషువాళ్ళు ఆ అరుగుదలనే ఆస్టియోఆర్థ్రైటిస్ అంటారు. అంటే జర్మన్‌లో వేర్వేరుగా నిలబడ్డ రెండు మాటలూ ఇంగ్లీషులో ఒకే ఇంటిపేరు పెట్టుకున్నాయి. 'గొనార్త్రోజె'ను అక్షరం పొల్లుపోకుండా గొనార్త్రోసిస్ అని దింపేస్తే తప్పు కాదు, కానీ క్లెయిమ్ చూసే ఉద్యోగి అదేదో కొత్త రోగం అనుకుంటాడు. మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్ అని రాయాలి. 'ఆక్టివియెర్టె గొనార్త్రోజె' ఇంకో తంటా. యాక్టివేటెడ్ అంటే ఎవరో స్విచ్చి వేసినట్టుంటుంది. అసలు సంగతి, అరిగిన మోకాలు ఇప్పుడు ఉన్నట్టుండి వాచి వేడెక్కిందని.

'రోయ్మా' మాత్రం మన 'కీళ్ళవాతం' లాంటిదే. మామూలు జనం ఏ కీలు నొప్పికైనా అదే అంటారు. డాక్టరు రాసినప్పుడు ఏ జబ్బును ఉద్దేశించాడో కింది రక్తపరీక్షలు చూసి పోల్చుకోవాలి.

పొట్టి అక్షరాల దగ్గరే నాకు ఎక్కువ భయం. 'ఫెర్డాఖ్ట్ ఔఫ్' అంటే ఫలానా జబ్బని అనుమానం. దాన్ని రెండక్షరాలకు కుదించి రాస్తారు. కంటికి ఆనకపోతే అనుమానం కాస్తా నిర్ధారణ అయి కూర్చుంటుంది. ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే రోగుల కాగితాల మీద జబ్బు కోడ్ వెనక ఒక అక్షరం ఉంటుంది: జి అంటే ఖాయమైంది, వి అంటే అనుమానం, జెడ్ అంటే గతంలో వచ్చి ఉన్నది, ఎ అంటే పరీక్షించి లేదని తేల్చినది. మోకాలి అరుగుదలకు ఎం17. దాని వెనక ఉన్న ఎ ఫోన్‌లో తీసిన ఫోటో అంచున తెగిపోయిందనుకోండి, లేదన్న జబ్బు మనిషికి అంటుకుంటుంది. అందుకే స్కాన్ పంపమని పట్టుబడతాను, ఫోటో కుదరదు. 'టెప్' అని ఇంకొకటుంది. మోకాలి కాగితంలో అది కృత్రిమ కీలు. అవే మూడక్షరాలు ఇంగ్లీషు సర్జన్‌కు హెర్నియా ఆపరేషన్ కావచ్చు. నేను విడదీసి పూర్తిగా రాస్తాను, వరస పెరిగినా సరే.

అన్నిటికంటే నాకు ముచ్చటైనది మూడంకెల లెక్క. కీలు ఎంత కదులుతుందో జర్మన్ డాక్టర్లు మూడు సంఖ్యల్లో చెబుతారు, మధ్యలో సున్నా ఉంటే నిటారుగా నిలిచే స్థితి గుండా కీలు కదులుతుందని అర్థం. మోకాలికి 5-0-130 అని ఉంటే, నిటారు దాటి ఇంకో 5 డిగ్రీలు వెనక్కి పోతుంది, 130 దాకా ముడుచుకుంటుంది. అదే 0-5-130 అయితే చివరి 5 డిగ్రీలు చాచలేకపోతోంది. అంకెలు అవే, సున్నా ఒక గడి జరిగింది, మోకాలి కథ మారిపోయింది. అంకెలే కదా అని అలాగే ఎత్తి పెట్టేవాళ్ళను చూశాను. నేను మాత్రం అంకెల పక్కన మాటల్లో కూడా రాస్తాను.

ఒక్కోసారి డాక్టరు గదిలోకీ రమ్మంటారు. అక్కడ మూడు భాషలు. గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ "లేవగానే పట్టేసినట్టుంటదమ్మా, నాలుగడుగులేస్తే సర్దుకుంటది" అంటుంది. డాక్టరు తలూపి 'అన్‌లౌఫ్‌ష్మెర్త్స్' అని కంప్యూటర్లో ఒక్క మాట టైపు చేసుకుంటాడు. ఇంగ్లీషులో మళ్ళీ అది నడక మొదలుపెట్టగానే వచ్చే నొప్పి అని సాగుతుంది. 'లాగుతోంది' అంటే జర్మన్‌లో 'త్సీయెండ్', సూటిగా సరిపోతుంది. 'సలుపు'కు 'పొఖెండ్' ఉంది. ఇంగ్లీషులో లాగే నొప్పికే అంత నప్పే మాట నాకు దొరకదు. ఏకింగ్ అంటే లాగడం పోతుంది, పుల్లింగ్ అంటే కండరం బెణికిందనుకుంటారు.

ఇక అసలు చిక్కు. అరుగుదల రాత్రికి రాత్రి రాదు. ప్రయాణానికి ముందే ఉన్న జబ్బుకు చాలా పాలసీలు డబ్బివ్వవు. కాగితం చదివిన కొడుకు ఫోన్ చేస్తాడు. "అక్కా, ఆ ఆస్టియో ముక్క తీసేసి ఊరికే మోకాలి నొప్పి అని పెడితే పోలా?" అడగడంలో వింతేమీ లేదు. స్కానింగూ సూదిమందూ కలిపి బిల్లు తక్కువేం కాదు, అమ్మ ముందు ఆ మాట అనలేక బాల్కనీలోంచి మాట్లాడుతున్నాడు. అయినా కుదరదు. ఉత్తరంలో లేనిది నేను చేర్చను, ఉన్నది తీయను. అసలు జర్మన్ ప్రతి కూడా పక్కనే జతచేస్తారు కాబట్టి, తీసినా ఎవరో ఒకరు పట్టుకుంటారు, అప్పుడు మొత్తం క్లెయిమే పోతుంది.

అతనికి చెప్పేది ఒకటే. "తమ్ముడూ, రేపు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళు. వాపు ఏ రోజు మొదలైందో, దానికి ముందు అమ్మ ఎలా నడిచేదో ఆయనకు చెప్పు. ఆయనకు సబబనిపిస్తే ఉత్తరంలో రాస్తాడు. రాసింది నాకు పంపు, స్కాన్ చేసి, నాలుగు అంచులూ కనిపించేలా."