ఐ9 వద్దనుకుని ఐ5 దగ్గర ఎందుకు ఆగానంటే

నా పాత డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఐ5-7500. 2017లో వచ్చిన ప్రాసెసర్, నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). విండోస్ 11కి కావలసిన ప్రాసెసర్ల జాబితాలో ఇది లేదు. విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. ఇక మార్చక తప్పదు. ఎవరిని అడిగినా ఇంటెల్ పై శ్రేణిలోని ఐ9 తీసుకో, ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 9 తీసుకో అన్నారే గానీ, నువ్వు చేసే పనేంటని ఒక్కరూ అడగలేదు.

నా పనులు మూడు: పెద్ద పెద్ద ఎక్సెల్ ఫైళ్లు, ఫోటోలు, వీడియో ఎడిటింగ్. గేములు ఎప్పుడైనా ఒకసారి. కొత్తది కొనేముందు పాతది ఎక్కడ ఆగిపోతోందో చూద్దామని టాస్క్ మేనేజర్ (ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపే విండోస్ టూల్) తెరిచి పెట్టుకుని పని చేయడం మొదలుపెట్టాను. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ ఎంచుకుంటే ఒక్కో థ్రెడ్‌కి వేరే గ్రాఫ్ వస్తుంది.

ఎక్సెల్ మాక్రో (వరుస పనుల్ని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రామ్) నడుస్తున్నంతసేపూ మొత్తం వాడకం 25 శాతం దగ్గరే ఉండిపోయింది. నాలుగు కోర్లలో 25 శాతం అంటే ఒక్క కోర్ పని. విండోస్ ఆ పనిని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మారుస్తూ ఉంటుంది కాబట్టి గ్రాఫుల్లో ఏదో ఒకటే నిండుగా కనిపించకపోవచ్చు, మొత్తం అంకెను చూడాలి. ఇలాంటి పనికి పదహారు కోర్లు ఇచ్చినా పదిహేను ఖాళీగా కూర్చుంటాయి. కావలసింది ఒక్కో కోర్ వేగం. ఫోటోలు గుంపుగా ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు మాత్రం నాలుగు కోర్లూ నిండిపోయాయి. అక్కడ ఎన్ని కోర్లుంటే అంత మేలు.

అసలు విషయం వీడియో దగ్గర తెలిసింది. నా కెమెరా 10-బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో (రంగుల వివరం ఎక్కువగా ఉంచుతూ వీడియోని కుదించే పద్ధతి) రికార్డు చేస్తుంది. ఆ క్లిప్‌ని టైమ్‌లైన్ మీద వేస్తే చాలు, ప్రాసెసర్ 100 శాతానికి వెళ్లేది, వీడియో మాత్రం ఆగి ఆగి నడిచేది. అదే టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పేజీకి వెళ్తే వీడియో డీకోడ్ (కుదించిన వీడియోని విప్పడం) గ్రాఫ్ సున్నా దగ్గర పడుకుని ఉంది. మామూలు 8-బిట్ హెచ్.264 క్లిప్ పెట్టి చూశాను. డీకోడ్ గ్రాఫ్ లేచింది, ప్రాసెసర్ హాయిగా ఉంది. అంటే నాకు లేనిది కోర్లు కాదు, ఆ ఫార్మాట్‌ని హార్డ్‌వేర్‌లోనే విప్పే డీకోడర్.

ఇక్కడి నుంచి వెతుకులాట దారి మారిపోయింది. ఈ 4:2:2 హెచ్‌ఈవీసీని ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్ 11వ తరం నుంచి విప్పగలుగుతోంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో వచ్చింది, నా కార్డు అంతకంటే పాతది. రైజెన్ 7000 ప్రాసెసర్లలో ఉండే చిన్న గ్రాఫిక్స్‌తో ఈ పని కాదు. అందుకే పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ మోడళ్లన్నీ పక్కన పెట్టేశాను. కాస్త చవకగా దొరుకుతాయి గానీ, వాటిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు ఉందిగా, ఎఫ్ చాలు అని చాలామంది చెప్తారు. గేములకైతే ఆ మాట నిజమే.

ఐ5ల్లోనూ ఒక తేడా ఉంది, డబ్బా మీద కనిపించదు. ఐ5-13400లో ఉండే సొంత గ్రాఫిక్స్ యూహెచ్‌డీ 730, దానికి వీడియో ఇంజిన్ (వీడియోని విప్పే భాగం) ఒకటే. ఐ5-13500లో యూహెచ్‌డీ 770, రెండు ఇంజిన్లు. కోర్లు కూడా 13400లో ఆరు పెద్దవి, నాలుగు చిన్నవి. 13500లో ఆరు పెద్దవి, ఎనిమిది చిన్నవి. ఇక 14400 పేరు కొత్తగా ఉంది గానీ, 13400తో పోలిస్తే గరిష్ఠ వేగం 4.6 నుంచి 4.7 గిగాహెర్ట్జ్‌కి పెరిగింది, కోర్ల లెక్క అదే. పేరులోని మొదటి రెండు అంకెలు చూసి తరం మారిందని డబ్బు ఎక్కువ పెట్టడం నాకు నచ్చదు. 13500 ఖాయం చేసుకున్నాను.

నిజానికి మనసు రైజెన్ 5 7600 వైపు కూడా లాగింది. దాని ఏఎమ్5 సాకెట్‌లో (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) తర్వాత ఇంకో ప్రాసెసర్ పెట్టుకునే వీలుంది, 13500 కూర్చునే ఎల్‌జీఏ 1700 కథ 14వ తరంతో ముగిసింది. కానీ ఏఎమ్5కి డీడీఆర్5 ర్యామే కావాలి. నా దగ్గరున్న డీడీఆర్4 ర్యామ్‌ని ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో కొన్ని తీసుకుంటాయి. గేములే ముఖ్యమైతే ఇదంతా వదిలేసి, 96 ఎంబీ ఎల్3 కాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉన్న రైజెన్ 7 7800ఎక్స్‌3డీ లాంటిది చూసేవాణ్ణి.

కరెంటు సంగతి. 13500 మీద 65 వాట్లని రాసి ఉంటుంది, కానీ టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) 154 దాకా వెళ్లగలదు. డబ్బాలో వచ్చే కూలర్ సరిపోదని కాదు, గంటల తరబడి ఎక్స్‌పోర్టులు నడిచినప్పుడు ఫ్యాన్ గోల భరించలేక వేరే కూలర్ తీసుకున్నాను. డీడీఆర్4 తీసుకునే బీ760 బోర్డు ఎంచుకుని, దాని సపోర్ట్ జాబితాలో నా ప్రాసెసర్ ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టాను. బిగించాక మొదటి పని బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్. 13, 14 తరాల్లోని కొన్ని ప్రాసెసర్లలో వోల్టేజ్ సమస్య ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుని, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు విడుదల చేసింది. అవి బయోస్‌తోనే వస్తాయి.

అంతా అయ్యాక అదే క్లిప్ వేస్తే మళ్లీ ఆగి ఆగి నడిచింది! టాస్క్ మేనేజర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ పేరే లేదు. వేరే గ్రాఫిక్స్ కార్డు కనబడితే కొన్ని బోర్డులు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. బయోస్‌లో ఐజీపీయూ మల్టీ-మానిటర్ అనే సెట్టింగ్‌ని ఎనేబుల్ చేసి, ఇంటెల్ డ్రైవర్ వేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటెల్ డీకోడింగ్‌కి టిక్ పెట్టాను. వీడియో డీకోడ్ గ్రాఫ్ లేచింది, క్లిప్ ఎక్కడా తడబడలేదు.