బబుల్‌కు ప్రాసలు వెతికిన వారం

నిన్న మధ్యాహ్నం మా మనవరాలి నోటుపుస్తకంలో రెండు మాటల మీద పడిన ఎర్ర గీతలు రద్దు చేయించి ఇంటికి వచ్చాను. వారం రోజులు పట్టింది. ఇదే పని రేపు ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల నెత్తిన పడుతుంది కనుక, వేడి చల్లారకముందే రాస్తున్నాను.

పిల్ల నాలుగో తరగతి, శ్రీకాకుళంలోనే ఒక ప్రైవేటు బడి. వార్షికోత్సవం కోసం ఒక్కొక్కరికీ ఒక సరదా ఇంగ్లీషు మాట ఇచ్చారు. దానికి ఐదు పూర్తి ప్రాసలు, ఐదు దగ్గరి ప్రాసలు వెతికి, నాలుగు పాదాల పాట కట్టాలి. మా పిల్లకు వచ్చిన మాట బబుల్. ఎంత ముద్దైన మాట! పలికితే పెదవులు రెండుసార్లు కలిసి విడిపోతాయి, సబ్బు బుడగ పేలినట్టే ఉంటుంది.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పాను. ప్రాస వెతకడానికి నాకు ఇంకొకరి సాయం అక్కర్లేదనుకున్నాను. అయినా పిల్ల ముచ్చట కాదనలేక ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర 80 రూపాయలు పెట్టి ఇంగ్లీషు ప్రాసల పుస్తకం ఒకటి కొన్నాను. అందులో మాటలను చివరి అక్షరాల స్పెల్లింగు చూసి గుంపులు కట్టారు. అలాంటి పుస్తకం మీరు కొనకండి.

పుస్తకం పక్కన పెట్టి మాటలను తెలుగు లిపిలో రాసుకున్నాను. బబుల్, ట్రబుల్, డబుల్, రబుల్, స్టబుల్, పెబుల్. కష్టం, రెట్టింపు, రాళ్లూరప్పలు, కోత కోసిన మొదళ్లు, గులకరాయి. మన పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం హల్లు కలవాలి, దాని మీది అచ్చు ఏదైనా కావచ్చు. మొదటి అక్షరం ఒక పాదంలో లఘువైతే అన్నింటా లఘువే ఉండాలి. ఈ ఆరింటికీ మొదటిది లఘువు, రెండోది బకారం. అరగంటలో పూర్తి ప్రాసలు ఐదూ అయిపోయాయి. దగ్గరి ప్రాసల కింద పడుల్, కడుల్, మడుల్, హడుల్, స్ట్రగుల్ రాయించాను.

మర్నాడు పిల్ల ఏడుస్తూ వచ్చింది. ట్రబుల్, డబుల్ రెండింటి మీదా ఎర్ర గీతలు. కారణం కనుక్కుందామని బడికి వెళ్లాను. వెళ్లే వేళ ఎంచుకోవడంలోనే పొరపాటు చేశాను. సాయంత్రం గంట కొట్టే వేళకు ఎప్పుడూ వెళ్లకూడదు. గేటు దగ్గర తల్లిదండ్రులందరూ నిలబడి ఉన్నారు. ఇంగ్లీషు మేడమ్ పుస్తకం తెరిచి, అందరికీ వినబడేలా స్పెల్లింగు చదివారు. "బబుల్‌లో నడుమ రెండు బిలు ఉన్నాయి. ట్రబుల్‌లో ఓ, యు వచ్చి ఒక్కటే బి ఉంది. ఇవి ఎలా కలుస్తాయి? పెబుల్‌లో చివర అచ్చం బబుల్‌లాగే ఉంది, అందుకే ఉంచాను" అన్నారు. "అమ్మా, ఒకసారి పైకి పలికి చూడండి" అన్నాను. "మీరు తెలుగు టీచరు కదండీ, ఇంగ్లీషు మాకు వదిలేయండి" అన్నారు. పక్కనున్న వాళ్లలో ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరిలో ఒకతను నా దగ్గర పదో తరగతి చదివినవాడే. మనవరాలు నా కొంగు పట్టుకుని "అమ్మమ్మా, ఇంటికి పోదాం" అంది. నాగావళి వంతెన దాటేదాకా మాట్లాడలేకపోయాను.

ఏ జిల్లాలో నిలబడి ఆవిడ ఆ మాట అన్నారు? గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది ఈ జిల్లా పర్వతాలపేటలో. సవరల నోటి మాటలను చెవితో విని, వాటికి వ్యాకరణం, నిఘంటువు కట్టిన మనిషి ఆయన. ఏటా ఆగస్టు 29న బడిలో ఆయన పటానికి దండ వేసి, ఆ మర్నాడు పిల్లల చెవి మూసి స్పెల్లింగు చూపిస్తే ఆ దండ ఎందుకు?

రాత్రి మా తమ్ముడి కొడుకు ఫోనులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి ఉచ్చారణ నిఘంటువు తీసి చూపించాడు. 1,34,000 పైచిలుకు మాటలు, అన్నీ ఉత్తర అమెరికా ఉచ్చారణలో. ప్రతి మాటనూ ధ్వనులుగా విడదీసి, ఊనిక పడే అచ్చు పక్కన 1, ఊనిక లేని అచ్చు పక్కన 0 వేశారు. బబుల్ అంటే బి, ఏహెచ్1, బి, ఏహెచ్0, ఎల్. ఏహెచ్ అన్నది అచ్చుకు వాళ్లు పెట్టుకున్న గుర్తు. ట్రబుల్ అంటే టి, ఆర్, ఆ తర్వాత ఏహెచ్1 నుంచి అదే వరుస. డబుల్ కూడా అంతే. ఊనిక పడిన అచ్చు నుంచి చివరిదాకా ఒక్కటై, దాని ముందున్న హల్లు వేరైతే పూర్తి ప్రాస. ఇంగ్లీషు వాళ్ల నియమం అదే. ఆ ఓ, యు అక్షరాలు ఫ్రెంచి నుంచి మాటతో పాటు వచ్చినవి, ధ్వనిలో వాటికి వేరే ఉనికి లేదు.

పెబుల్ దగ్గర మాత్రం నేను తప్పాను. దాని అచ్చు ఈహెచ్1. మన ప్రాసకు హల్లు కలిస్తే చాలు, వాళ్లకు అచ్చు కూడా కలవాలి. పెబుల్ దగ్గరి ప్రాసే. ఆవిడ స్పెల్లింగు చూసి, నేను పద్యలక్షణం చూసి, ఇద్దరమూ ఒకే తప్పు మాటను ఒప్పనుకున్నాం. ఐదో పూర్తి ప్రాసగా హబుల్ పెట్టాం, అంతరిక్షంలోని టెలిస్కోపు పేరు.

ఆ తర్వాత పిల్ల తానే ఒక మాట తెచ్చింది. కపుల్. పడుల్ కంటే ఇదే బబుల్‌కు దగ్గరగా వినిపిస్తోందని దాని పట్టుదల. నిజమే. ప, బ ఒకే వర్గం, రెండూ పెదవుల మీద పుట్టేవి. డకారం నోట్లో వేరే చోటు. దగ్గరి ప్రాసల్లో ఏది ఎంత దగ్గరో కొలవడానికి మన వర్ణమాల కంటే మంచి పట్టిక నేను చూడలేదు. అదే వరుసలో సపుల్ కూడా దొరికింది. ఈ సంగతి ఏ ఇంగ్లీషు పుస్తకమూ నాకు చెప్పలేదు, 31 ఏళ్ల పాఠం చెప్పింది.

నిన్న విశ్రాంతి వేళలో వెళ్లాను. ఎవరూ లేరు. ఫోను ముందు పెట్టి, ఆరు మాటలూ ధ్వనుల వరుసలో చూపించాను. మేడమ్ రెండుసార్లు పెదవులు కదిపి చూసుకున్నారు. ఎర్ర గీతల పక్కన "సరైనది" అని రాసి సంతకం పెట్టారు. పెబుల్‌ను నేనే కింది వరుసలోకి మార్చి రాయించాను. గేటు దగ్గర అన్న మాట గురించి ఆవిడ ఏమీ అనలేదు. నేను దాన్ని మరచిపోలేదు.

పాట పాదాల చివర బబుల్, ట్రబుల్, కపుల్, డబుల్ వస్తాయి. కార్యక్రమం శనివారం. పిల్ల అరుగు మీద సబ్బు నీళ్ల గిన్నె పెట్టుకుని పాడుకుంటోంది.