వెండి తూకంతో తేలని వెల

పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువారి ఇళ్లలో పాత ఇనప్పెట్టెలు తెరిచినప్పుడు దస్తావేజుల అడుగున బ్రిటిష్ కాలపు పతకం ఒకటి బయటపడితే, ముందుగా పరుగెత్తేది కంసాలి దగ్గరికే. గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, సంస్థానాల్లోనూ సర్కారు కొలువుల్లోనూ పనిచేసినవారి వారసుల దగ్గర ఇలాంటివి ఉండటంలో వింత లేదు. కంసాలి చెప్పేది వెండి వెల మాత్రమే. అంతకన్నా తక్కువకు అమ్మకూడదనడానికి అది పనికివస్తుంది, అంతే.

మన వైపు నేను ఎక్కువగా చూసింది 1911 ఢిల్లీ దర్బారు (ఐదో జార్జి రాజు చక్రవర్తిగా కొలువుదీరిన సభ) పతకం. వ్యాసం 38.5 మిల్లీమీటర్లు, ముందువైపు కిరీటాలతో జార్జి రాజు, మేరీ రాణి, వెనక పారసీ లిపి. అదే ఏడాది లండన్‌లో జరిగిన ఆయన పట్టాభిషేకపు పతకం ఇంతకన్నా చిన్నది, సుమారు 32 మిల్లీమీటర్లు; రెంటినీ ఒకటిగా భావించి ధర అడిగేవారు చాలామంది. దర్బారు పతకాలు వెండిలో 30,000, బంగారంలో 200 మాత్రమే తయారయ్యాయి కాబట్టి వెండిది అపురూపం కాదు. పైగా వీటిని అందుకున్నవారి పేరు చెక్కకుండానే ఇచ్చారు. అందువల్ల ఫలానావారికి వచ్చిందని చూపే పత్రం, పాత ఫొటో, నీలం మీద రెండు ఎర్రచారల అసలు రిబ్బను తోడుంటేనే ధర పెరుగుతుంది.

కాశీనగర్ దగ్గర ఒక ఇంట్లో చూపించిన పతకానికి అసలు కొక్కెం తీసేసి, పిల్లవాడి మెడలో వేయడానికి లావుపాటి కొండీ అతికించారు. ఏటా చింతపండుతో తోమడం వల్ల రాజుగారి గడ్డం వెంట్రుకలు అరిగి నున్నగా అయిపోయాయి. కొనేవాడు మొదట చూసేది ఆ గడ్డమే. పతకం నల్లబడిందని తోమేకంటే అలాగే ఉంచడం ఎంతో మేలు.

అసలుదో పోతదో తేల్చడానికి గాలిలోనూ, దారంతో నీటిలో వేలాడదీసీ తూచవచ్చు. గాలిలోని బరువును నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే సాంద్రత వస్తుంది: అది 10.3 దాటితే వెండి అనుకోవచ్చు, 8.9 దగ్గర ఆగితే రాగి, నికెల్ మిశ్రమం. అయితే వెండితోనే పోతపోసిన నకలు ఈ పరీక్షకు దొరకదు. అంచు వెంట అతుకు గీత, అక్షరాల చుట్టూ సన్నని గుంటలు భూతద్దంలో వెతకాలి.

ధర విషయంలో, ఇంటర్నెట్‌లో అమ్మకందారులు పెట్టిన అంకెలను నేను లెక్కలోకి తీసుకోను. వేలంలో నిజంగా పలికిన ధరలోంచి వేలంసంస్థ కమీషను తీసేస్తే మన చేతికి వచ్చేది తెలుస్తుంది. లండన్ వేలం ధరలు కూడా మనకు సరిపోవు. 1972 పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక ప్రాముఖ్యం ఉండి నూరేళ్లు నిండిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు కనుక, 1911 పతకానికి కొనుగోలుదారు ఈ దేశంలోనే దొరకాలి. జార్జి రాజు పాలనకు పాతికేళ్లు నిండినప్పటి 1935 రజతోత్సవ పతకానికి మాత్రం నూరేళ్లు 2035లో నిండుతాయి.

పంపకాల కోసం వెల కట్టేవారు మరొకటి గమనించాలి: పతకం అన్నగారికి, పత్రం తమ్ముడుగారికి అని విడదీస్తే రెంటి ధరా పడిపోతుంది. రెండూ ఒకరికే ఇచ్చి, మిగతావారికి ఆ మేరకు సొమ్ము సర్దడం మంచిది.