పాతిక సీసాలు, రెండు నంబర్ల బిరడాలు

ద్రాక్ష పులియబెట్టడం అనుకున్నంత కష్టం కాలేదు. అసలు కష్టం సీసా మూతి దగ్గర మొదలైంది.

మేముండేది న్యూజెర్సీలో. మా వీధిలో ఇటలీ మూలాలున్న కుటుంబాలు ఎక్కువ. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాలిఫోర్నియా ద్రాక్ష 36 పౌండ్ల పెట్టెల్లో దిగుతుంది. ఆవకాయ కాయల కోసం మనవాళ్లు తిరిగినట్టే ఆ పెట్టెల కోసం వాళ్లు తిరుగుతారు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అమ్మకానికి కాకుండా, వైన్ చేసుకోవచ్చని అమెరికా చట్టం. నాకు అంత ఆశ లేదు. పక్కింటి పెద్దాయన ఎగదోస్తే రెండు పెట్టెలు కొన్నాను. చివరికి తేరింది 5 గ్యాలన్లు. లెక్కకు పాతిక సీసాలు.

బిరడాలకు నంబర్లుంటాయని అప్పుడే తెలిసింది. సీసా మూతి లోపలి వెడల్పు సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. 8వ నంబరు బిరడా 22 మిల్లీమీటర్ల లావు, 9వ నంబరుది 24. లావుగా ఉన్నదాన్ని నొక్కి దూర్చితే లోపల విచ్చుకుని గాజును పట్టుకోవాలి, అదీ దాని పని. "చేతి పరికరంతో అయితే 8 తీసుకోండి, సులువుగా దిగుతుంది" అన్నాడు దుకాణంలో కుర్రాడు. వంద ఉన్న సంచి తెచ్చాను. సులువుగా దిగిన దారినే వైన్ పైకి రాగలదని నాకు తట్టలేదు.

పైగా శుభ్రత పేరుతో వాటిని గిన్నెలో వేసి పావుగంట మరగబెట్టాను. జాడీలను వేడినీళ్లతో కడిగే ఇంట్లో పెరిగినవాడిని, అలవాటు ఎక్కడికి పోతుంది? బిరడాలు ఉబ్బి, వేలితో నొక్కితే సొట్టపడేంత మెత్తబడ్డాయి. మా ఆవిడ సీసా పట్టుకుంటే నేను రెండు పిడుల మీద బరువంతా వేసి ఒక్కొక్కటే దించాను. ఆ రాత్రే పాతికనూ అరల్లో అడ్డంగా పడుకోబెట్టాను. తెల్లారేసరికి కింద పరిచిన అట్ట మీద నేరేడుపండు రంగు మరకలు. ఆరు సీసాలు కారుతున్నాయి.

పెద్దాయన వచ్చి చూశాడు. "ఉడకబెట్టావా?" అని ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాడు. బిరడా అంటే ఒక జాతి ఓక్ చెట్టు బెరడు. ప్రపంచంలో సగం దాకా పోర్చుగల్ నుంచే వస్తుంది. చెట్టుకు పాతికేళ్లు వస్తేగాని మొదటిసారి ఒలవరు, తరువాత తొమ్మిదేళ్లకొకసారి. అందులోనూ మంచి బిరడాలకు పనికొచ్చేది మూడో ఒలుపు నుంచే. అంటే నలభై ఏళ్లు దాటిన చెట్టు బెరడును నేను పావుగంటలో పప్పు చేశానన్నమాట. పడుకోబెట్టడంలోనూ తొందరపడ్డాను. బిరడా దిగేటప్పుడు మెడలోని గాలి నలిగి ఒత్తిడి పెరుగుతుంది. మూడు రోజులు నిలువుగా ఉంచితే ఆ ఒత్తిడి తగ్గుతుంది, బిరడా కూడా గాజుకు కుదురుకుంటుంది. అప్పుడు పడుకోబెడితే అది తడి ఆరకుండా ఉంటుంది.

తీసేటప్పుడు ఇంకో శిక్ష. ఉడికిన బిరడాలో దాన్ని లాగే మర (కార్క్‌స్క్రూ) దిగింది గాని పట్టు దొరకలేదు. లాగితే పైసగం పొడిపొడిగా వచ్చింది. మిగతా సగాన్ని లోపలికి తోసి, వచ్చిన అతిథుల ముందే టీ వడకట్టే జల్లెడ తెచ్చి వైన్ వడపోశాను. ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధించింది.

ఖాళీ సీసాలో ఆ ముక్క గలగలమంటుంటే పారేయబోయాను. ఆ చలికాలం మా అమ్మ ఇక్కడే ఉంది. వైన్ వాసనకు ముక్కు మూసుకుంటుంది గాని సీసా పారేస్తానంటే ఊరుకోదు. "ఆగరా, గుడ్డముక్క ఇటు ఇవ్వు" అంది. పాత నూలుచీర పేలికను గరిటె కాడతో లోపలికి తోసి, ఒక కొస బయటే ఉంచింది. సీసాను తలకిందులు చేసి ఆడిస్తే ముక్క జారి గుడ్డ మీదకు వచ్చింది. రెండుసార్లు అడ్డం తిరిగింది. మూడోసారి నిలువుగా మెడలోకి మళ్లగానే కొస పట్టుకుని మెల్లగా లాగింది. గుడ్డ ముక్కను చుట్టుకుని, బిగిసి, టప్పుమని బయటికొచ్చింది. తరువాత అదే పద్ధతిలో ఏడు సీసాల్లోంచి ముక్కలు తీశాను.

మరుసటి ఏడాది పెద్దాయన దగ్గర నేల మీద నిలబెట్టే ఇనుప యంత్రం అరువు తెచ్చుకున్నాను. దాని ఇత్తడి దవడలు 9వ నంబరును కూడా చటుక్కున నొక్కేస్తాయి. ఏడాదిలో తాగేసేవే కాబట్టి 38 మిల్లీమీటర్ల పొడవు చాలనుకున్నాను. మరగబెట్టలేదు, క్రిములు చేరకుండా వాడే మెటాబైసల్ఫైట్ అనే పొడి కలిపిన నీళ్లలో కాసేపు ముంచి తీశానంతే. బ్లీచింగు దగ్గరికే రానివ్వలేదు. క్లోరిన్ తగిలిన బెరడులో బూజు చేరితే వైన్‌కు తడిసిన అట్ట వాసన పట్టేస్తుంది. ప్లాస్టిక్ బిరడాలూ చూశాను. పొడి రాలదన్నది నిజమే, కానీ గుచ్చి లాగుతుంటే చెప్పు అడుగును పీకుతున్నట్టుంది, నాకు నచ్చలేదు. ఇప్పుడు మరను సరిగ్గా నడిమధ్యన దించి, చివరి చుట్టు బయటే ఉంచుతాను. అడుగు చిల్లు పడదు, పొడి రాలదు.

ఈసారి పాతికలో ఒక్కటీ కారలేదు. 8వ నంబరువి ఇంకా సంచిలో చాలానే మిగిలాయి. బిళ్లలుగా కోసి భోజనాల బల్ల కుర్చీల కాళ్లకు అంటించాను.